సిరోసిస్ ఉన్నవాళ్లకు ఇమ్యూనిటీ పెంచితే లివర్ క్యాన్సర్ రాకుండా ఉంటుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 58 ఏళ్లు. హెపటైటిస్ బి వల్ల లివర్ సిరోసిస్ (లివర్ మచ్చ కట్టి గట్టిపడడం) అయింది, వైరస్‌ని అణిచే టెనోఫోవిర్ మాత్ర వాడుతున్నారు. ఆరు నెలలకోసారి స్కాన్ చేయించమని, లేకపోతే క్యాన్సర్ వచ్చినా ముదిరాక గానీ తెలియదని డాక్టర్ చెప్పారు. ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకే క్యాన్సర్ వస్తుందని మీరు ఎక్కడో చదివారు. అందుకని ఇమ్యూనిటీ పెంచే మందులేమైనా ఉన్నాయా, అమ్మగారు రోజూ పొద్దున్నే కాచి ఇస్తున్న తిప్పతీగ కషాయం కొనసాగించొచ్చా అని అడిగారు.

నేను లివర్ జబ్బులు చూసే డాక్టర్‌ని. ఓపీలో ఈ ప్రశ్న వినని వారం ఉండదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఇమ్యూనిటీ పెంచి సిరోసిస్‌ని క్యాన్సర్ కాకుండా ఆపే మందు ఏదీ లేదు. తిప్పతీగ ఈరోజే ఆపేయండి. టెనోఫోవిర్ ఒక్కరోజు కూడా మానొద్దు, స్కాన్ వాయిదా వేయొద్దు.

ఎందుకంటే "ఇమ్యూనిటీ తగ్గింది కాబట్టి క్యాన్సర్ వస్తుంది" అన్నది సగమే నిజం. మీ నాన్నగారి లివర్ ఈ స్థితికి రావడానికి ముఖ్య కారణం ఆయన ఇమ్యూనిటీ చేసిన దాడే. ఏళ్ల తరబడి దాడి చేసి చేసి, ఇప్పుడు అసలు పని పడే వేళకు అది అలసిపోయి ఉంది. సిరోసిస్‌లో ఈ రెండూ ఒకే మనిషిలో, ఒకే సమయంలో ఉంటాయి. అలాంటప్పుడు "పెంచడం" అంటే దేన్ని పెంచుతున్నట్టు?

కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను.

లివర్‌కి వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. తిన్న తిండిలోని పోషకాలతోపాటు పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ముక్కలు కూడా అందులో కొట్టుకొస్తాయి. ఎదురైన ప్రతి కొత్త పదార్థం మీదా లివర్ కయ్యానికి దిగితే మనం అన్నం తిని అరిగించుకోలేం. అందుకే శరీరంలో మిగతా అవయవాలకు లేనంత సహనం లివర్‌కి ఉంది. అందులో ఉండే కుప్ఫర్ కణాలు వచ్చిన చెత్తను గప్‌చుప్‌గా మింగేస్తాయి, గొడవ చేయవు. ఈ సహనం ఎంత గట్టిదో 1969లో బ్రిటిష్ సర్జన్ రాయ్ కాల్న్ బృందం పందుల్లో చూపించింది. ఒక పంది లివర్ తీసి ఇంకో పందికి అమరిస్తే, ఇమ్యూనిటీని అణిచే మందులు ఇవ్వకుండానే చాలా వాటిలో ఆ లివర్ నిలిచిపోయింది. కిడ్నీ అలా నిలవదు.

మామూలు రోజుల్లో ఈ సహనం వరం. హెపటైటిస్ బి వైరస్ లోపల తిష్ఠ వేసినప్పుడూ, తర్వాత క్యాన్సర్ కణం పుట్టినప్పుడూ అదే మనకు ఎదురు తిరుగుతుంది.

హెపటైటిస్ బి వైరస్ నేరుగా లివర్ కణాన్ని చంపదు. ఇది చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. వైరస్ ఉన్న కణాన్ని గుర్తుపట్టి చంపేవి మన సొంత టీ కణాలు, అంటే ఇమ్యూనిటీలో భాగమైన ఒక రకం తెల్ల రక్తకణాలు. పుట్టేటప్పుడు తల్లి నుంచి వైరస్ సోకిన పిల్లల్లో సుమారు 90 శాతం మందిలో అది ఉండిపోతుంది. పసిపిల్లల ఇమ్యూనిటీ దాన్ని శత్రువుగా చూడదు కాబట్టి. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై ఐదు మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. కొందరికి కామెర్లు వచ్చి తగ్గుతాయి, కొందరికి వచ్చినట్టే తెలియదు. మీ నాన్నగారి వయసువాళ్లలో చాలామందికి పుట్టినప్పుడో, చిన్నతనంలోనో సోకి ఉంటుంది. వాళ్లకు ఇరవై, ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి ఇమ్యూనిటీ ఒక్కసారిగా మేలుకుంటుంది. దాడి మొదలవుతుంది. కానీ వైరస్‌ని పూర్తిగా తుడిచిపెట్టేంత బలం ఉండదు, వదిలేసి ఊరుకునే గుణమూ ఉండదు. ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) కొన్నాళ్లు పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది.

కేసు హిస్టరీ అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "పాతికేళ్ల క్రితం కామెర్లొచ్చాయండీ, పక్క ఊళ్లో పసరు మందు పోయించుకుంటే తగ్గిపోయింది." తగ్గింది నిజమే. ఆ దాడి దానంతటది చల్లారింది. పసరుకి పేరొచ్చింది, రక్తపరీక్ష ఎవరూ చేయించలేదు, వైరస్ లోపలే ఉండిపోయింది. మీ నాన్నగారిని కూడా ఒకసారి అడిగి చూడండి.

ఇక క్యాన్సర్ దగ్గరికి వద్దాం. లివర్ కణాలు మామూలుగా చాలా అరుదుగా విభజన చెందుతాయి. దాడిలో కణాలు చచ్చిపోతుంటే, మిగిలినవి ఆ ఖాళీ నింపడానికి పదే పదే విభజన చెందక తప్పదు. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్‌ఏ కాపీలో తప్పులు దొర్లే అవకాశం ఉంది. అదీ మామూలు వాతావరణంలో కాదు. చుట్టూ ఉన్న ఇమ్యూన్ కణాలు చురుకైన ఆక్సిజన్ అణువులను వదులుతుంటాయి, అవి డీఎన్‌ఏని నేరుగా దెబ్బతీస్తాయి. అంటే ఈ దాడి వల్ల వచ్చే వాపు ఒకే సమయంలో కణాన్ని విభజన చెందమని తొందరపెడుతుంది, దాని డీఎన్‌ఏనీ పాడుచేస్తుంది. ఇలా విభజన చెందుతూ పోతే క్రోమోజోముల చివర్లు అరిగిపోయి కణం ఒక దశలో ఆగిపోవాలి. టెర్ట్ అనే జన్యువు మళ్లీ తెరుచుకుంటే ఆ చివర్లు తిరిగి పెరుగుతాయి, కణానికి ఇక ఆగాల్సిన పని ఉండదు. లివర్ క్యాన్సర్లలో అన్నిటికంటే తరచుగా, అన్నిటికంటే ముందుగా కనిపించే మార్పుల్లో ఇదొకటి. హెపటైటిస్ బి వైరస్ అయితే తన డీఎన్‌ఏని మన డీఎన్‌ఏలోకి చొప్పిస్తుంది, కొన్నిసార్లు సరిగ్గా ఈ టెర్ట్ పక్కనే. అందుకే హెపటైటిస్ బి ఉన్న కొందరికి సిరోసిస్ లేకుండానే క్యాన్సర్ వస్తుంది. మిగతా కారణాల వల్ల వచ్చే లివర్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం సిరోసిస్ మీదే పుడతాయి.

మచ్చ కట్టడం కూడా ఈ దాడి ఫలితమే. లివర్‌లో స్టెల్లేట్ కణాలని ఉంటాయి. వాటి మామూలు పని విటమిన్ ఎ దాచుకోవడం. కుప్ఫర్ కణాలు, ఇతర ఇమ్యూన్ కణాలు టీజీఎఫ్-బీటా అనే సంకేతం పంపితే ఇవి వేషం మార్చి కొల్లాజెన్ నారలు అల్లడం మొదలుపెడతాయి. ఇదే టీజీఎఫ్-బీటా పక్కనున్న టీ కణాలను నెమ్మదింపజేస్తుంది కూడా. అంటే లివర్‌ని గట్టిపరిచే సంకేతమే, రేపు క్యాన్సర్ కణాన్ని పట్టుకోవాల్సిన టీ కణం చేతులు కట్టేస్తోంది. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా జబ్బు సగం అర్థమైనట్టే.

సిరోసిస్ వచ్చాక సంగతి ఇంకో మలుపు తిరుగుతుంది. పోర్టల్ సిరలో ప్రెషర్ పెరుగుతుంది, పేగు గోడ బలహీనపడి బ్యాక్టీరియా ముక్కలు ఎక్కువగా కారతాయి. మచ్చ కట్టిన లివర్ గుండా పోలేక కొంత రక్తం పక్కదారుల్లో వెళ్లిపోతుంది, కుప్ఫర్ కణాలకు దాన్ని శుభ్రం చేసే వీలుండదు. ఆ ముక్కలు ఒంటినిండా తిరుగుతూ ఇమ్యూనిటీని రాత్రీ పగలూ గిల్లుతూ ఉంటాయి. పక్కింటి కారు అలారం రోజంతా మోగుతుంటే నాలుగు రోజులకు ఎవరూ కిటికీ తీసి కూడా చూడరు, నిజంగా దొంగ వచ్చిన రోజున కూడా. టీ కణాలకు జరిగేది అదే. వాటి ఒంటి మీద పీడీ-1 అనే ప్రొటీన్ పెరుగుతుంది. దానికి ఎదుటి కణం మీది పీడీ-ఎల్1 తగిలిందంటే టీ కణం చేతులెత్తేస్తుంది. న్యాచురల్ కిల్లర్ కణాలు కూడా మందగిస్తాయి. దాడిని అదుపు చేసే రెగ్యులేటరీ టీ కణాలు మాత్రం పెరుగుతాయి. ముసలిదై, దెబ్బతిని, విభజన ఆపేసిన లివర్ కణాలను ఏరిపారేయడం కూడా ఇమ్యూనిటీ పనే. ఆ ఏరివేత ఆగిపోయిన చోటే క్యాన్సర్‌కి సందు దొరుకుతుంది.

ఈ అలసట మాకు వార్డులో కళ్లకు కనిపిస్తుంది. పొట్టలో నీరున్న పేషెంట్‌ని ఇంట్లోవాళ్లు తీసుకొస్తారు. "జ్వరం లేదండీ, నొప్పీ లేదు, రాత్రి నుంచి మాట్లాడేది కొంచెం తేడాగా ఉంది, బాత్రూమ్ అనుకుని వంటింట్లోకి వెళ్తున్నారు" అంటారు. పొట్టలోంచి కొంచెం నీరు సిరంజితో తీసి ల్యాబ్‌కి పంపిస్తే అందులో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) మైక్రోలీటర్‌కి 250 దాటి ఉంటాయి. అంటే లోపల ఇన్ఫెక్షన్. మామూలు మనిషికి అదే ఇన్ఫెక్షన్ వస్తే చలిజ్వరంతో వణికిపోతాడు. ఈయనకు ఒళ్లు వెచ్చబడనైనా లేదు. కానీ అదే మనిషికి రక్తంలో వాపు సూచికలు చూస్తే రోజూ ఎక్కువే ఉంటాయి. ఇమ్యూనిటీ ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా అంటే ఏం చెప్పాలి? అందుకే సిరోసిస్ పేషెంట్‌కి జ్వరం లేదని ధీమాగా ఉండొద్దు. మాటలో, నిద్రలో తేడా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అన్ని సిరోసిస్‌లలో కథ ఒకేలా ఉండదని కూడా చెప్పాలి. ఇప్పుడు మా ఓపీలో షుగర్, పొట్ట ఉన్నవాళ్ల ఫ్యాటీ లివర్ కేసులు బాగా పెరిగాయి. కొవ్వు వల్ల వాచిన లివర్‌లో సీడీ8 అనే, కణాలను చంపే రకం టీ కణాలు దండిగా ఉంటాయి, పీడీ-1 కూడా ఉంటుంది. కానీ అవి క్యాన్సర్‌ని వెతకడం మానేసి, కనపడిన లివర్ కణాన్నల్లా చంపుతుంటాయి. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, ఇలాంటి ఎలుకలకు పీడీ-1ని అడ్డుకునే మందు ఇస్తే క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. ఎలుకల్లో చూసింది కాబట్టి ఫ్యాటీ లివర్ పేషెంట్లకు ఆ మందు పనికిరాదని ఎవరూ తేల్చేయలేదు, ఇస్తున్నాం కూడా. కానీ టీ కణాలను రెచ్చగొట్టడం ప్రతిసారీ మంచిదే అనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు తిప్పతీగ సంగతి. కోవిడ్ రోజుల్లో ఇది ప్రతి ఇంటి పెరట్లోకీ, ప్రతి మెడికల్ షాపులోకీ వచ్చింది. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నివేదికను తప్పుబట్టింది, మొక్కను సరిగ్గా గుర్తించలేదని అంది. 2022లో దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి 43 మంది పేషెంట్ల వివరాలు ప్రచురించాయి. వాళ్లలో చాలామంది ముందే ఏదో ఒక లివర్ జబ్బు ఉన్నవాళ్లు. చాలామందిలో కనిపించిన తీరు ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా ఉంది, అంటే ఇమ్యూనిటీ సొంత లివర్ మీదే విరుచుకుపడడం.

నేను చూసిన ఒకావిడ సంగతి చెబుతాను. థైరాయిడ్ ఉంది, కొంచెం ఫ్యాటీ లివర్ ఉంది, అంతకుమించి ఏ జబ్బూ లేదు. కోవిడ్ సెకండ్ వేవ్‌లో మొదలుపెట్టిన తిప్పతీగ కషాయం నెలల తరబడి మానలేదు. కళ్లు పచ్చబడి వచ్చారు. వాడుతున్న మందులన్నీ అడిగితే థైరాయిడ్ మాత్ర ఒక్కటే చెప్పారు. కషాయాన్ని మందు కింద లెక్కేయలేదు మరి. గది బయటికి వెళ్లబోతుంటే వాళ్లమ్మాయి "అమ్మా, రోజూ ఆ ఆకు తాగుతావు కదా" అంది. ఆపించి, బయాప్సీ చేసి, కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇచ్చాక సర్దుకుంది. ఆవిడ లివర్‌కి ఆ దెబ్బ తట్టుకునే ఓపిక ఉంది. సిరోసిస్ ఉన్న లివర్‌కి అంత ఓపిక ఉండదు. మీ అమ్మగారు ప్రేమతోనే ఇస్తున్నారు, ఆవిడతో గొడవ పడకండి. కానీ ఆపించండి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఎన్నాళ్లు తాగారో మీ డాక్టర్‌కి చెప్పండి.

నేల ఉసిరి గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 1988లో చెన్నై పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టిన నోబెల్ గ్రహీత బారుక్ బ్లమ్‌బర్గ్‌తో కలిసి, నేల ఉసిరితో వైరస్ పోతోందని లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. ఎంతో ఆశ కలిగించిన ఫలితం అది. తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. మన మొక్కని చిన్నచూపు చూసి ఎవరూ పక్కన పెట్టలేదు, పరీక్షించాకే పక్కన పెట్టారు.

దీనికి పూర్తిగా రివర్స్‌లో ఉన్న ప్రమాదం ఇంకొకటి ఉంది. కీళ్లనొప్పులకో, చర్మానికో, మరేదైనా జబ్బుకో స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ లాంటి ఇమ్యూనిటీని అణిచే మందులు రాస్తే, అణిగి ఉన్న హెపటైటిస్ బి మళ్లీ లేవొచ్చు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా నాన్నగారికి హెపటైటిస్ బి ఉందని ముందే చెప్పండి. టెనోఫోవిర్ సొంతంగా ఆపేసినా అంతే. "నాలుగేళ్లు వాడాను, రిపోర్టులో వైరస్ లేదంది, ఆపేశాను" అని చెప్పి, పచ్చటి కళ్లతో ఐసీయూలో చేరినవాళ్లను చూశాను. రిపోర్టులో కనిపించలేదంటే రక్తంలో లేదని. లివర్ కణం కేంద్రకంలో దాని డీఎన్‌ఏ అలాగే ఉంటుంది.

"మరి క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ ఇస్తున్నారు కదా, అదేదో ముందే ఇస్తే పోలా?" అని తెలివైనవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది సరిగ్గా ఈ పీడీ-1 లాంటి అడ్డుకట్టలను తొలగించడం గురించే. లివర్ క్యాన్సర్ ముదిరినవాళ్లకు 2020 నుంచి అటెజోలిజుమాబ్ (పీడీ-ఎల్1ని అడ్డుకునేది), బెవాసిజుమాబ్ (గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా చూసేది) కలిపి ఇస్తున్నాం. అంతకు ముందు పదేళ్లకు పైగా ఉన్న ముఖ్యమైన మందు సొరాఫెనిబ్. దానితో పోల్చిన ట్రయల్లో మధ్యస్థ ఆయుష్షు (సగం మంది పేషెంట్లు దాటిన కాలం) 13.4 నెలల నుంచి 19.2 నెలలకు పెరిగింది. 2022లో డుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ జంట కూడా వచ్చింది. కొందరిలో గడ్డలు కరిగిపోయి ఏళ్లు గడుస్తున్నాయి.

కానీ గడ్డ స్పష్టంగా కుంచించుకుపోయేది పదిమందిలో ముగ్గురికే. కొన్ని క్యాన్సర్లలో, ముఖ్యంగా బీటా-కాటెనిన్ జన్యువు మారినవాటిలో, టీ కణాలు గడ్డ దరిదాపులకే రావు. అక్కడ లేని టీ కణాన్ని విడిపించేదేముంది? లివర్ పనితనం బాగా ఉన్నవాళ్లకే, అంటే మేము చైల్డ్-ఎ అనే దశవాళ్లకే, ఈ మందు నిశ్చింతగా ఇవ్వగలం. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం కావచ్చు కాబట్టి ముందు ఎండోస్కోపీ చేసి ఆహారనాళంలో ఉబ్బిన సిరలు ఉన్నాయేమో చూస్తాం. పైగా అడ్డుకట్ట తీసేసిన ఇమ్యూనిటీ ఒక్కోసారి లివర్ మీద, పేగు మీద, థైరాయిడ్ మీద పడుతుంది. క్యాన్సర్ ఉన్న మనిషికి ఆ రిస్క్ తీసుకోవడంలో అర్థం ఉంది. క్యాన్సర్ లేని సిరోసిస్ మనిషికి ముందుజాగ్రత్తగా ఇవ్వడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

అయితే చేయగలిగింది ఏమిటి? ఇమ్యూనిటీని గిల్లుతున్నవాటిని ఒక్కొక్కటిగా తీసేయడం. హెపటైటిస్ బిలో టెనోఫోవిర్, ఎంటెకావిర్ చేసేది ఇదే. వైరస్ అణిగితే దాడి చల్లారుతుంది, క్యాన్సర్ రిస్క్ బాగా తగ్గుతుంది, కొందరిలో మచ్చ కూడా కొంత కరుగుతుంది. సున్నా మాత్రం కాదు. హెపటైటిస్ సి అయితే పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై ఐదు మందికి పైగా నయమవుతుంది. అయినా అప్పటికే సిరోసిస్ ఉంటే స్కాన్లు మానకూడదు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద 2018 నుంచి ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. నెలనెలా మందు కొనడం భారమైతే మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి.

మద్యం పూర్తిగా మానేయాలి. "బీరేనండీ", "పండక్కేనండీ" ఉండకూడదు. మద్యం పేగు గోడని ఇంకా కారేలా చేస్తుంది, పైన చెప్పిన గొడవంతా రెట్టింపవుతుంది. షుగర్, బరువు అదుపులో ఉండాలి. కాఫీ తాగేవాళ్లకు లివర్ క్యాన్సర్ తక్కువగా వస్తున్నట్టు చాలా దేశాల అధ్యయనాల్లో కనిపించింది. నాన్నగారికి అలవాటుంటే పంచదార తగ్గించి తాగనివ్వండి, మాన్పించక్కర్లేదు.

బూజు పట్టిన వేరుశనగలు, మొక్కజొన్నలు ఇంట్లోకి రానివ్వొద్దు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. కణాన్ని క్యాన్సర్ కాకుండా చూసే పీ53 జన్యువునే అది చెడగొడుతుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో రెండూ కలిసి రిస్క్‌ని చాలా రెట్లు పెంచుతాయి. అనంతపురం వేరుశనగ రైతులకు ఈ బెడద బాగా తెలుసు, పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ దీనిమీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. గానుగ నూనె ఆడించే అలవాటుంటే రంగు మారిన, ముడుచుకుపోయిన గింజలు ఏరి పారేసి మరీ ఆడించండి.

తిండి విషయంలో పాతకాలం సలహా ఒకటి ఇంకా పోలేదు: లివర్ జబ్బుకి పప్పు, గుడ్డు, చేప మానేసి చప్పిడి ఇడ్లీ తినమని. దానివల్ల కండ కరిగిపోతుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి కొంచెం తినాలి. పొట్టలో నీరుంటే ఉప్పు మాత్రం తగ్గించాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మీ డాక్టర్‌ని అడిగి వేయించండి. సిరోసిస్ మనిషికి నిజంగా పనికొచ్చే "ఇమ్యూనిటీ బూస్టర్" అంటే ఇదే.

స్కాన్ గురించి కొంచెం వివరంగా. సిరోసిస్ ఉన్నవాళ్లలో ఏడాదికి సుమారు నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా లివర్ క్యాన్సర్ వస్తుంది. కారణాన్ని బట్టి, వయసుని బట్టి మారుతుంది. మీ నాన్నగారికి వచ్చి తీరుతుందని కాదు. వస్తే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, అంతే. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, దానితోపాటు ఏఎఫ్‌పీ (కొన్ని లివర్ క్యాన్సర్లలో పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష. పరగడుపున వెళ్లండి. వీలైనంతవరకు ఒకేచోట చేయించి పాత రిపోర్టు తీసుకెళ్లండి. "సిరోసిస్ ఉంది, కొత్త నాడ్యూల్ (చిన్న గడ్డ) ఏమైనా ఉందా చూడండి" అని చెప్పండి. ఏఎఫ్‌పీ నార్మల్‌గా ఉందని మురిసిపోకండి. చిన్న క్యాన్సర్లలో చాలావాటికి అది పెరగదు.

పల్నాడు నుంచి వచ్చే ఒక మిర్చి రైతు ఉన్నాడు. కోతల టైంలో రాలేనని జనవరికి ముందే స్కాన్ చేయించుకుంటాడు. ఒకసారి 1.8 సెంటీమీటర్ల నాడ్యూల్ కనిపించింది. ఏఎఫ్‌పీ చూస్తే 6, అంటే పూర్తిగా నార్మల్. ట్రైఫేజిక్ సీటీ (రంగు మందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్) చేస్తే మొదటి దశలో ఆ చుక్క మెరిసింది, తర్వాతి దశలో చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడింది. సిరోసిస్‌లో ఈ రెండూ కనిపిస్తే చాలు, బయాప్సీ లేకుండానే క్యాన్సర్ అని చెప్పొచ్చు. సూది పెట్టి వేడితో కాల్చేశారు. ఇప్పటికీ వస్తున్నాడు, ఇంకా ముందుగా వస్తున్నాడు. అదే రోజు ఓపీలో, స్కాన్ మానేసి తూకం తగ్గిందని వచ్చిన ఇంకొకాయన పోర్టల్ సిరలోకి క్యాన్సర్ పాకిపోయి ఉంది. లివర్ మార్పిడికి కూడా హద్దులున్నాయి: ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల వరకు ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు. 1996లో ఇటలీలోని మిలాన్ వైద్యులు పెట్టిన ఈ కొలతే ఇప్పటికీ మూలం. మార్పిడి తర్వాత ఇమ్యూనిటీని అణిచే మందులు జీవితాంతం వాడాలి. మిగిలిపోయిన క్యాన్సర్ కణాలు ఏవైనా ఉంటే వాటికి అదే అదను, అందుకే అంత చిన్నగా ఉన్నప్పుడే చేయాలంటాం.

చివరిగా, మీరు అడగని ఒక విషయం. లివర్ క్యాన్సర్‌ని ఇమ్యూనిటీతో ఆపడం నిజంగా సాధ్యమైన చోటు ఒకటుంది: వైరస్ సోకకముందు. తైవాన్ 1984లో పసిపిల్లలకు హెపటైటిస్ బి టీకా మొదలుపెడితే, తర్వాతి ఏళ్లలో అక్కడి పిల్లల్లో లివర్ క్యాన్సర్ స్పష్టంగా తగ్గింది. మన దేశంలో ఈ టీకాని మొదట తయారుచేసింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్, 1997లో. సార్వత్రిక టీకా కార్యక్రమంలో దేశమంతటా చేరింది 2011లో. అంటే మీ వయసువాళ్లకు చిన్నప్పుడు అది పడి ఉండకపోవచ్చు.

కాబట్టి మీరు, అమ్మగారు, మీ తోబుట్టువులు, నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఈ వారంలోనే హెచ్‌బీఎస్ యాంటిజెన్ (వైరస్ ఇప్పుడు ఉందా), యాంటీ-హెచ్‌బీసీ (ఎప్పుడైనా సోకిందా), యాంటీ-హెచ్‌బీఎస్ (రక్షణ ఉందా) పరీక్షలు చేయించుకోండి. మూడూ నెగెటివ్ వస్తే టీకా ఇప్పుడు, నెలకి, ఆరు నెలలకి మూడు డోసులు. ఆఖరి డోసు అయ్యాక ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ మళ్లీ చూసుకోండి, 10 దాటి ఉండాలి. ఎవరికైనా యాంటిజెన్ పాజిటివ్ వస్తే కంగారు పడకుండా హెచ్‌బీవీ డీఎన్‌ఏ, ఎస్‌జీపీటీ, అల్ట్రాసౌండ్ చేయించి, ఆ రిపోర్టులు నాన్నగారి డాక్టర్‌కే చూపించండి.